కంటిపాప చూసే రాశావా, చిట్టీ?

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నువ్వు ఫోను చేసి పదకొండు రోజులు. బెజవాడ ఎంత దూరమని? సరేలే, నైట్ డ్యూటీలు. శేషుతో గోంగూర పచ్చడి పంపుతున్నా, తడి చెంచా పెట్టకు.

క్యాజువాల్టీలో నువ్వేదో మాట పడ్డావని రాజ్యం పిన్ని అంది. నేనేమీ అడగనులే. కానీ స్పృహ లేని మనిషి కేస్ షీటులో టార్చి తియ్యకుండానే 'ప్యూపిల్స్ నార్మల్' అని రాసెయ్యడం హౌస్ సర్జన్లకు ఉన్న జబ్బే. గదిలో వెలుతురు తగ్గించి ముందు రెండు కంటిపాపలూ పోల్చు. ఒక మిల్లీమీటరులోపు తేడా, రెండూ చురుగ్గా ముడుస్తుంటే, పుట్టుకతోనే ఉండొచ్చు. తర్వాత టార్చి పక్కనుంచి తెచ్చి, వెలుగు పడ్డ కన్నూ, పడని కన్నూ రెండూ చూడు. మిల్లీమీటర్లలో రాసి పక్కన టైము వెయ్యి. ఇందాక 3 ఉన్న పాప ఇప్పుడు 6 అయి వెలుగుకు కదలకపోతే, పుర్రె లోపల ఒత్తిడి పెరిగి, పాపను ముడిచే మూడో కపాల నరం నలుగుతోందేమో. అప్పుడు సీనియర్‌ని నిద్ర లేపడానికి మొహమాటపడకు.

తెనాలి తాతయ్య సంగతి గుర్తుందా? రాత్రి తొమ్మిదింటికి ఒళ్లంతా చెమట, మాట ముద్ద, ఆపైన పలుకే లేదు. కుడిపాప ఇంత పెద్దది, వెలుగుకి ముడవదు. పక్షవాతమని అత్తయ్య ఏడుపు. సత్యం బాబాయి చొక్కా తిరగేసి తొడుక్కుని కారు తీశాడు. తీరా చూస్తే షుగరు 38. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినలేదు మహానుభావుడు. 25% డెక్స్ట్రోజ్ (గ్లూకోజు) 100 మి.లీ. ఎక్కాక 'నా కళ్లజోడేదే' అన్నాడు. పాప మాత్రం అలాగే ఉంది! సాయంత్రం కంటి డాక్టరు ఆ కంట్లో పాపను పెద్దది చేసే చుక్కలు వేశాడట. చీటీ జేబులోనే ఉంది, చెప్పినవాడు లేడు. అందుకే షుగరు ముందు. చుక్కలు, శుక్లం ఆపరేషన్, గాజుకన్ను ఇంట్లోవాళ్లను అడుగు. అడిగావా అసలు? సరే, అడగనన్నాగా.

పురుగుమందు కేసులు నీకు కొత్త కాదు. పాపలు సూదిమొనంత, నోట నురగ, చెమట, నాడి నెమ్మది. పాపలు అలాగే చిన్నవై, మిగతావేవీ లేకుండా ఊపిరి మాత్రమే మందగిస్తే మార్ఫిన్ జాతి మత్తు అనుకో. మెదడు కాండంలోని పాన్స్‌లో రక్తస్రావాన్నీ మరిచిపోకు. పురుగుమందు కేసులో పాప విప్పారేదాకా అని విరుగుడు అట్రోపిన్ పోస్తూ కూర్చోకు, అది ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఛాతీలో గరగర పోయిందా, నాడి 80 దాటిందా, చంక ఆరిందా చూడు. ఉమ్మెత్త తిన్నవాడిది తలకిందులు: పెద్ద పాపలు, ఎండిన ఒళ్లు, పిచ్చి పలవరింత.

నాన్న కొత్త పెన్ టార్చి కొన్నారు, సంచి అడుగున ఉంది. సెల్లులు విడిగా చుట్టాను. పిన్ని చెప్పింది నిజమైనా కాకపోయినా నాతో అను. అన్నం తిన్నావా? ఎంత రాత్రైనా ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు.

అమ్మ