పోలీసులు, ఫైర్ సిబ్బంది పెన్షన్‌ని విడిగా చూడండి

సంపాదకులకు నమస్కారం,

సీపీఎస్, అంటే ఉద్యోగి జీతంలోంచి కూడా వాటా కోసే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం మీద మీ పేపర్లో వస్తున్న ఉత్తరాలు వరసగా చదువుతున్నాను. టీచర్లు రాస్తున్నారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు రాస్తున్నారు, ఖజానా ఏమైపోతుందోనని పెద్దలు రాస్తున్నారు. పోలీసులు, ఫైర్ సిబ్బంది మాత్రం రాయడం లేదు. యూనిఫాం వేసుకున్నవాడు ప్రభుత్వ నిర్ణయం మీద పేరు పెట్టి రాస్తే మర్నాడే మెమో వస్తుందని భయం. అందుకే ఆ ఇంటి ఆడపడుచుగా నేను రాస్తున్నాను.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. తమ్ముడు ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్. నాన్నది పాత పెన్షన్, తమ్ముడిది సీపీఎస్, ఇద్దరికీ మధ్య అడ్డుగోడ 2004 సెప్టెంబర్ 1 అనే తేదీ, అప్పట్నుంచి చేరినవాళ్లకి సీపీఎస్సే. నాన్నకి పెన్షన్ మీద డీఆర్, అంటే ధరల్ని బట్టి ఇచ్చే కరువు భృతి పెరుగుతుంది, ఆయన తర్వాత అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ ఉంటుంది, ఆ ధైర్యంతోనే మోకాళ్లు అరిగిపోయినా మనిషి నిశ్చింతగా ఉన్నారు. తమ్ముడికి బేసిక్, డీఏ కలిపి పది శాతం కోస్తారు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, ఆ డబ్బు మార్కెట్లో తిరిగి తిరిగి రిటైరయ్యే రోజుకి ఎంత మిగిలితే అంత. అందులో 60 శాతం దాకా చేతికిస్తారు, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా డబ్బిచ్చే బీమా పథకం కొనాలి, దానికి డీఆర్ ఉండదు, కందిపప్పు ధర ఎంత పెరిగినా నెలకి వచ్చేది అదే. "అక్కా, రిటైరయ్యాక నాకు నెలకి ఎంతొస్తుందో ఎవరైనా చెప్పగలరా?" అని వాడు అడుగుతాడు. బ్యాంకులో పనిచేసే మా బావగారు కూడా కచ్చితంగా చెప్పలేకపోయారు.

ఇప్పుడు వాడి పని గురించి. రాత్రి రెండింటికి 101కి ఫోనొస్తే నిమిషాల్లో బండి కదలాలి. లోపల ఏం కాలుతోందో, ప్లాస్టిక్కో, గ్యాసో, డీజిలో, వెళ్లేదాకా తెలీదు. 2023 నవంబర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్లో బోట్లు తగలబడినప్పుడు టీవీలో ఆ మంటలు చూసి మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లోనే ఫైర్‌ఫైటర్ ఉద్యోగాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. రిటైర్మెంట్ వయసేమో మన రాష్ట్రంలో 62. అరవై దాటినవాడు పొగలో నిచ్చెనెక్కి మనుషుల్ని భుజాన వేసుకుని దిగాలన్నమాట! కానిస్టేబుల్ సంగతీ అంతే. వీక్లీ ఆఫ్ 2019లో ప్రకటించారు, బందోబస్తు పడిందంటే అది ఎగిరిపోతుంది. పండగ నాడు నాన్న ఇంట్లో ఉండటం నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పగలను.

2004లో కేంద్రం కొత్త పెన్షన్ తెచ్చినప్పుడు సైన్యాన్ని దాన్నుంచి మినహాయించింది. ప్రాణం పణంగా పెట్టే ఉద్యోగం కాబట్టి అది న్యాయమే. సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాలకి కూడా పాత పెన్షన్ వర్తిస్తుందని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, దానిమీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మన కానిస్టేబుల్ గురించి, ఫైర్‌మన్ గురించి ఆ ప్రశ్నయినా గట్టిగా అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

అడిగే హక్కు వాళ్లకి సరిగ్గా లేదు, నా బాధంతా అక్కడే. సమ్మె చేయకూడదు, ధర్నాకి కూర్చోకూడదు. 2022 సెప్టెంబర్ 1న సీపీఎస్ రద్దు కోసం ఉద్యోగులు మిలియన్ మార్చ్‌కి పిలుపిస్తే, వాళ్లని ఆపడానికి రోడ్ల మీద నిలబెట్టింది పోలీసుల్నే. వాళ్లలో 2004 తర్వాత చేరినవాళ్లంతా సీపీఎస్ వాళ్లే. తన పెన్షన్ కోసం కూడా నడుస్తున్న టీచర్‌ని తనే అడ్డుకోవాల్సి రావడం ఎంత నరకమో ఆలోచించండి.

డబ్బెక్కడిది అంటారు. నిజమే, రాష్ట్రం అప్పుల్లో ఉంది, లక్షల మందికి ఒక్కసారిగా పాత పెన్షన్ ఇవ్వడం తేలిక కాదని నేనూ ఒప్పుకుంటాను. వారంలో రద్దు చేస్తామన్న మాట 2019 ఎన్నికల్లో విన్నాం, చివరికి 2023లో గ్యారంటీడ్ పెన్షన్ చట్టం వచ్చింది, దాన్ని ఉద్యోగ సంఘాలు ఒప్పుకోలేదు. రాజస్థాన్, హిమాచల్ పాత పెన్షన్‌కి వెళ్లాయి, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) పెట్టింది. అందులో పాతికేళ్ల సర్వీసుంటే చివరి ఏడాది బేసిక్ సగటులో సగం పెన్షన్‌గా వస్తుంది. అందరి సంగతీ తేలేదాకా ఆగకుండా ముందు పోలీసు, ఫైర్ రెండు శాఖలకైనా పాత పెన్షన్ ఇవ్వండి. టీచర్లకి వద్దని నా ఉద్దేశం కాదు, వాళ్లు అడగగలరు. అలాగే యాభై ఐదు దాటిన ఫైర్‌మన్‌కి జీతం తగ్గించకుండా స్టేషన్ డ్యూటీ ఇవ్వాలి.

మీకో చిన్న మనవి. ఈసారి పెన్షన్ మీద చర్చ పెడితే ఆర్థిక నిపుణులతో పాటు రిటైరైన కానిస్టేబుళ్లని, ఫైర్‌మన్‌లని కూడా పిలవండి. వాళ్లకిప్పుడు మెమో భయం లేదు, ఉన్నదున్నట్టు చెప్తారు. మా నాన్న రావడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక హెడ్ కానిస్టేబుల్ కూతురు,
అనకాపల్లి