వాలెట్ కీ కనిపెట్టే సాఫ్ట్‌వేర్ అంటే నమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మేనల్లుడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. పోయిన నెల ఫోన్‌లో ఏదో గ్రూపులో చూసి పద్దెనిమిది వేలు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నాడు. జనం మర్చిపోయిన బిట్‌కాయిన్ వాలెట్ల కీలు, అంటే అందులోని డబ్బు తీసే రహస్య సంకేతాలు, అదే వెతికి పెడుతుందట. రాత్రంతా ల్యాప్‌టాప్‌లో పదాలు గబగబా మారుతూ 'బ్యాలెన్స్ సున్నా' అని పడుతూనే ఉన్నాయి, నాలుగో రోజు 'దొరికింది' అని చూపించి, డబ్బు రావాలంటే ఇంకో పాతిక వేలు కట్టమంది. అప్పుడు గానీ నాకు చెప్పలేదు.

కూర్చోబెట్టి లెక్క చెప్పాను. వాలెట్‌కి ఇచ్చే పన్నెండు పదాల నుంచే కీ తయారవుతుంది, ఆ పదాలు 2,048 పదాల పట్టికలోంచి వస్తాయి. చెల్లుబాటయ్యే వరుసలు ఎన్నో రాస్తే 39 అంకెల సంఖ్య అవుతుంది. సెకనుకి లక్ష కోట్ల వరుసలు చూసే యంత్రాన్ని విశ్వం పుట్టిన 1,380 కోట్ల ఏళ్ల కిందట ఆన్ చేసినా, ఇవాళ్టికి అందులో డెబ్బై కోట్లో వంతు కూడా చూడటం పూర్తయ్యేది కాదు. డబ్బున్న వాలెట్లు కోట్లలో ఉన్నా సరే, ల్యాప్‌టాప్‌కి నాలుగు రోజుల్లో ఒకటి తగలడం జరిగే పని కాదు.

కీలు దొంగల చేతికి చిక్కిన సందర్భాలు లేకపోలేదు. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడింది, దాని ఒక కమాండ్‌తో చేసిన పదాలకి 32 బిట్ల బలమే ఉంది, అంటే దాదాపు 430 కోట్ల అవకాశాలే. మంచి గేమింగ్ కంప్యూటర్ అవన్నీ ఒక్క రోజులో చూసేస్తుంది, చాలామంది డబ్బు అలాగే పోయింది. కీ సరిగ్గా తయారైతే మాత్రం ఊహించి తీయడం కుదరదు, అందుకే మోసగాళ్లు వెరిఫికేషన్ అనో, ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా కాయిన్లు పంచడం) అనో చెప్పి ఆ పదాలు మన చేతే టైప్ చేయిస్తారు.

ఇంకో మాట కూడా వాడికి చెప్పాను. ఒకవేళ నిజంగా దొరికినా అది పరాయి వాళ్ల డబ్బు, తీసుకుంటే దొంగతనమే. దానికి వాడు తల దించుకున్నాడు, పాపం.

ఇలా పోగొట్టుకున్న పిల్లలు తప్పు చేశామన్న భయంతో ఇంట్లో చెప్పరు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా ఇవ్వరు. మీ పేపర్లో సైబర్ మోసాల వార్తలు రోజూ చదువుతున్నాను. కాలేజీ పిల్లలు చదివే పేజీలో దీని గురించి కూడా ఒకసారి వివరంగా రాయండి.

— ఒక పాఠకుడు, ఖమ్మం