తనిఖీ చేసి అమ్మిన కారుకు వారంటీ ఎందుకు వర్తించదు?

సంపాదకులకు నమస్కారం.

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేటప్పుడు "ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఆరు నెలలు వారంటీ" అని చెప్పి, తీరా గేర్‌బాక్స్ పోయాక "ఇది వారంటీలోకి రాదు" అంటున్న డీలర్ల తీరు గురించి ఈ ఉత్తరం. మాకు కారు అమ్మిన షోరూమ్ విజయవాడలోనే ఉంది. విషయం వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్తోంది కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగింది మాత్రం నలుగురికీ తెలియాలి.

నేను సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా అమ్మకు మంగళగిరి ఎయిమ్స్‌లో వైద్యం జరుగుతోంది. ఆటోల్లో కుదుపులకు ఆమె తట్టుకోలేకపోతోందని 2025 సంక్రాంతి వెళ్లాక 2018 మోడల్ పెట్రోల్ కారు ఒకటి 3 లక్షల 85 వేలకు కొన్నాం. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి "అక్కా, మా దగ్గర ప్రతి బండీ 150 పాయింట్లు చెక్ చేశాకే బయటికొస్తుంది" అని ఒక షీట్ చేతిలో పెట్టాడు. మిగతా చోట్ల కంటే పాతిక వేలు ఎక్కువైనా అక్కడే కొన్నది ఆ షీట్ చూసే. వారంటీ కాగితం మాత్రం డబ్బంతా కట్టి, తాళాలు తీసుకున్న రోజున ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్ కాగితాలతో పాటు ఇచ్చారు.

మార్చిలో ఒక రోజు కనకదుర్గ వారధి మీద థర్డ్ గేర్‌లో గరగరమని శబ్దం మొదలైంది. తాడేపల్లి దాటేసరికి గేర్ పడటమే కష్టమైంది. మర్నాడే షోరూమ్ వాళ్లకు బండి అప్పగించాను. వారం పోయాక వాళ్ల సర్వీస్ ఇన్‌ఛార్జి ఫోన్ చేసి గేర్‌బాక్స్‌లోకి నీళ్లు వెళ్లాయని, బేరింగులు పోయాయని, నీటి వల్ల వచ్చిన నష్టానికి వారంటీ వర్తించదని, బాగు చేయాలంటే 38 వేలు అవుతుందని చెప్పాడు. అదే మాట రాసివ్వమంటే రాసివ్వలేదు. వాట్సాప్‌లో ఎస్టిమేట్ ఒక్కటి పంపి ఊరుకున్నారు.

అప్పుడు బండిని ఆటోనగర్‌లో మాకు తెలిసిన పెద్ద మేస్త్రి దగ్గరికి తోలించాను. ఆయన గేర్‌బాక్స్ దింపలేదు, ఏ పార్టూ విప్పలేదు. కింద డ్రెయిన్ బోల్టు తీసి కాస్త ఆయిల్ డబ్బాలోకి పట్టారు. తేనె రంగులో పారదర్శకంగా ఉండాల్సిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వచ్చింది. "ఇది నిన్నా మొన్నా చేరిన నీరు కాదమ్మా" అంటూ డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగి చూపించారు. రోజూ మనం లాగే భాగం శుభ్రంగానే ఉంది. లోపల చుట్టలో ఉండిపోయే చివరి జానెడు మాత్రం మట్టి రంగు పట్టి బిరుసుగా ఉంది. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పెక్కి ఉన్నాయి. కార్పెట్ ఎత్తితే మూలల్లో ఎండిన సన్నటి ఒండ్రు వేలికి అంటింది. అన్నిటికీ ఫొటోలు తీసుకున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి ఈ ఊరికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఎన్ని కుటుంబాల బండ్లు మునిగాయో మనం కళ్లారా చూశాం. అలా మునిగిన బండ్లను అమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను, ఇళ్లే పోయిన మనుషులు వాళ్లు. మునిగిన బండి అని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే కొనేవాళ్లూ ఉంటారు. కడిగి, పాలిష్ చేసి, మునగని బండి ధరకు మునగని బండిగా అమ్మిన వ్యాపారినే నేను నిలదీస్తున్నాను.

ఆ 150 పాయింట్ల షీట్‌లో "గేర్‌బాక్స్ ఆయిల్" అన్న గడిలో టిక్ ఉంది. "నీట మునిగిన ఆనవాళ్లు" అన్న గడిలో "లేవు" అని ఉంది. కింద తనిఖీ చేసినవారి సంతకం ఉంది. మేం కొన్నది జనవరిలో, గేర్‌బాక్స్ పోయింది మార్చిలో. ఆ మధ్య కారు మునిగేంత నీళ్లు ఈ ఊళ్లో ఎక్కడ నిలిచాయి? కాబట్టి అమ్మే నాటికే నీరు లోపల ఉంది. చూసి దాచారా, అసలు చూడకుండానే టిక్ పెట్టారా? ఈ రెండింటిలో ఏది నిజమైనా బాధ్యత వాళ్లదే. నా ఉద్యోగంలో రక్తం పరీక్షించకుండా "నార్మల్" అని రాసి సంతకం పెడితే రోగి ప్రాణం మీదికి వస్తుంది, నన్ను ఒక్క రోజు కూడా ఉంచరు. సంతకానికి ఆ విలువ కార్ల దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఫొటోలు చూపించాక వాళ్లు మాట మార్చారు. ఇప్పుడు నీళ్ల ప్రస్తావనే లేదు. "బయట మెకానిక్ చేయి పెట్టాడు కాబట్టి వారంటీ పోయింది" అంటున్నారు. వాళ్లు కాదన్న తర్వాతే నేను బయట చూపించాను. వారంటీ కుదరదని ముందే చెప్పేసి, ఆ తర్వాత జరిగినదాన్ని అందుకు కారణంగా చూపడం ఏం న్యాయం?

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకో మన్నికకో గ్యారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ షీటూ, ఆ వారంటీ కలిపి చూస్తే నా ఫిర్యాదు సరిగ్గా ఇదే. నాలా ఇరుక్కున్నవాళ్ల కోసం ఇంకో మాట. 5 లక్షల లోపు చెల్లించి కొన్న వస్తువు మీద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. డీలర్ వేరే ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నేను చేశాను, వాళ్లు ఓపిగ్గా విన్నారు.

రవాణా శాఖ అధికారులకు కూడా ఒక విన్నపం. పాత వాహనాలు అమ్మే డీలర్లు ఆర్టీఓ కార్యాలయం నుంచి అనుమతి పత్రం తీసుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. బందరు రోడ్డులో, ఏలూరు రోడ్డులో వరసగా ఉన్న షోరూమ్‌లలో ఎవరికి ఆ పత్రం ఉందో, ఎవరికి లేదో తనిఖీ చేసి ప్రజలకు చెప్పండి. బండితో పాటు కంపెనీ సర్వీస్ రికార్డు, పాత ఇన్సూరెన్స్ పాలసీ కాపీ కొనేవారికి ఇచ్చేలా చూడండి. మాకు పాత పాలసీ కాపీ వచ్చింది గొడవ మొదలయ్యాకే, అదీ పాత యజమానిని బతిమాలుకుంటే. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. ఆ సున్నా ఒక్కదానితోనే బండి మునిగిందని తేలదు, రెన్యువల్ ఆలస్యమైనా బోనస్ పోతుంది. కానీ అది కొనకముందు చేతికొచ్చి ఉంటే, అంతకు ముందు ఏడాది క్లెయిమ్ ఏమైనా చేశారా అని అక్కడే అడిగేదాన్ని. వారంటీ కాగితం కూడా అడ్వాన్స్ తీసుకోకముందే, చదువుకునేంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఇవ్వాలి.

రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను, వాళ్లకు అందినట్లు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. గేర్‌బాక్స్ వాళ్ల ఖర్చుతో బాగు చేసి మళ్లీ ఆరు నెలల వారంటీ రాసివ్వాలి, లేదా కారు వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇవ్వాలి. ఈ నెలాఖరుకు రెండింటిలో ఏదీ జరగకపోతే ఆ షీటు, ఫొటోలు, వాట్సాప్ ఎస్టిమేటు జతచేసి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మొగల్రాజపురం, విజయవాడ
(పేరు, చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపాను)