'మెరుగైన వైద్యం' దారిలో పోతున్న కాళ్లు

సంపాదకులకు నమస్కారం.

బైక్ ప్రమాదాల వార్తల్లో 'మెరుగైన వైద్యం కోసం కాకినాడ తరలించారు' అని తరచూ చదువుతుంటాం. ఆ తరలింపులోనే కొందరి కాళ్లు పోతుంటాయి. మోకాలి కీలు తప్పినా, దాని కింద ఎముక విరిగినా వెనకున్న పెద్ద రక్తనాళం తెగొచ్చు, లేదా లోపలి పొర చిట్లి మూసుకుపోవచ్చు. బయటికి చుక్క రక్తం కనపడకపోవచ్చు. ఎక్స్‌రే తీసి, స్లాబ్ (సగం పిండికట్టు) వేసి, ఎముకల డాక్టరున్న చోటికి రాసేస్తారు. అక్కడ కట్టు విప్పేసరికి పాదం చల్లగా, పిక్క రాయిలా ఉంటుంది. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటలు దాటితే దక్కడం కష్టం. చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ దిగి కాకినాడ చేరడానికే నాలుగైదు గంటలు!

సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) లేదు, మేమేం చేస్తాం అంటారు చిన్న ఆస్పత్రుల్లో. స్కాన్ లేకుండానే చాలావరకు తేలుతుంది. ముందు రెండు పాదాల నాడీ పట్టి పోల్చాలి. నాడి తగిలినంత మాత్రాన నాళం బాగున్నట్టు కాదు. చీలమండ పైన బీపీ పట్టీ చుట్టి, చేత్తో పట్టుకునే డాప్లర్‌ను (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న యంత్రం) పాదం మీద ఆనించి, చప్పుడు ఆగేదాకా గాలి కొట్టాలి. వదులుతుంటే చప్పుడు మళ్లీ మొదలైన అంకెను చేతికి ఇలాగే చూస్తే వచ్చిన అంకెతో భాగించాలి. 0.9 కంటే తక్కువైతే నాళం దెబ్బతిందనే అనుమానించి కదలాలి. ఐదు నిమిషాల పని. కాన్పుల వార్డులో బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ ఉంటుంది గానీ, పాదానికి వేరే ప్రోబ్ కావాలి, 8 మెగాహెర్ట్జ్‌ది. అక్కడికి కొన్నవాళ్లు క్యాజువాల్టీకి కొనలేరా?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు తెగిన పెద్ద ధమనిని ముడివేసి వదిలేస్తే సగానికి దగ్గరగా ఆ కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చింది. కొరియా యుద్ధంలో నాళాన్ని అతకడం మొదలయ్యాక అది 13 శాతం దాకా తగ్గింది. అప్పటికి సీటీ స్కానే పుట్టలేదు.

ప్రతి ఏరియా ఆస్పత్రికీ వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) కావాలనడం అత్యాశే. తెగిన రెండు కొసల మధ్య స్టెరైల్ ప్లాస్టిక్ గొట్టం పెట్టి కట్టి, రక్తం పారేలా చేసి పంపడం మాత్రం జనరల్ సర్జన్ నేర్చుకోగలిగిన పనే. దాన్ని షంట్ అంటారు. అసలు షంట్ లేకపోతే పిల్లల ఫీడింగ్ ట్యూబ్ ముక్కతోనూ గట్టెక్కవచ్చు. బిగిసిన పిక్కను కోసి ఒత్తిడి తగ్గించే ఫాసియాటమీ కూడా అంతే. పిక్కలో కండరాలుండే నాలుగు గదులూ తెరవాలి, భయపడి చిన్న కోత పెడితే లాభం లేదు. మెడికల్ కాలేజీలు వీటిలో ఏటా శిక్షణ ఇవ్వాలి.

అప్పటిదాకా రిఫరల్ చీటీలో మూడు గడులు చేర్చండి: దెబ్బ తగిలిన టైమ్, నాడి ఉందా లేదా, రక్తం ఆపడానికి గాయం పైన బిగించి కట్టి ఉంటే ఎప్పుడు కట్టారు. నాడి లేదని రాసి ఉన్న మనిషిని దారిలో మరో ఆస్పత్రి గుమ్మం ఎక్కించకుండా, ముందే ఫోన్ చేసి, నాళం కుట్టగలిగే చోటికే 108 తీసుకెళ్లాలి.

— విశ్రాంత ప్రభుత్వ సర్జన్, రాజమహేంద్రవరం