డిస్నీల్యాండ్ తగ్గించినా ఫర్వాలేదు, హోమ్‌స్టే ఉంచండి

సంపాదకులకు,

మా అమ్మాయి చదివే స్కూలు వాళ్లు పిల్లల్ని జపాన్ యాత్రకు తీసుకెళ్తున్నారు. టోక్యో, క్యోటో, బుల్లెట్ రైలు, డిస్నీల్యాండ్ అన్నీ ఉన్నాయి. మొదట అనుకున్న హోమ్‌స్టే, అంటే పిల్లలు అక్కడి ఒక కుటుంబంతో వాళ్లింట్లోనే ఉండటం మాత్రం తీసేశారు. భోజనం ఇబ్బంది, ఆడపిల్లల భద్రత అన్నారు.

భోజనం సంగతి నిజమే. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే అక్కడి మిసో సూప్‌లో కూడా మామూలుగా ఎండుచేపతో కాచిన రసం పోస్తారు. అందుకే శాకాహారి అంటే సరిపోదు. ఏవేవి తినరో విడివిడిగా జపనీస్‌లో రాయించి ఆ కుటుంబానికి ముందే పంపాలి. స్నానం సంగతీ చెప్పి పంపాలి. బయట ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి, ఆ వేడినీళ్లలోనే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు కాబట్టి. చెత్తను రకాలుగా విడదీసి, ఏ రోజు చెత్త ఆ రోజే బయట పెట్టే పద్ధతి హోటల్ గదిలో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఇక భద్రత. ఇంటికి ఇద్దరేసి పిల్లల్ని ఉంచి, రోజూ సాయంత్రం టీచర్ ఫోన్ చేస్తే మాలాంటి తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదు. జపాన్ ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన 'జెనెసిస్' అనే, విదేశీ యువతను జపాన్‌కు పిలిచే కార్యక్రమంలోనూ హోమ్‌స్టేలు ఉన్నాయి. ఇంత డబ్బు పోసి పంపుతున్నాం. రెండు రాత్రులైనా పిల్లల్ని ఒక ఇంట్లో ఉండనివ్వాలని స్కూలు యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి, గుంటూరు