చావు కర్మలను వదిలేసి మతమార్పిడి చర్చా?

సంపాదక మహాశయా,

ఆఫ్రికాలో పాత మతాలను క్రైస్తవం తుడిచిపెట్టేసిందన్న మాట తరచు వింటున్నాం. చర్చిలు లెక్కపెడితే అలాగే అనిపిస్తుంది. చావు జరిగిన ఇంట్లో ఏం చేస్తారో చూస్తే సంగతి వేరు.

జింబాబ్వేలో షోనాలు చేసే 'కురోవా గువా' కర్మే తీసుకోండి. మనిషిని పాతిపెట్టి దాదాపు ఏడాదయ్యాక మొలకెత్తిన చోళ్ల పిండితో కల్లు కాస్తారు. ఆ పనికే సుమారు వారం పడుతుంది. కొంత సమాధిపై పోసి, మేకనో ఎద్దునో కోసి, పోయినవారి ఆత్మను ఇంటికి పిలుచుకుంటారు. ఆస్తి పంపకాలు, వితంతువు బాగోగులు తేలేది ఆ తర్వాతే. మిషనరీలు దీన్ని ప్రేతపూజ అని నిషేధించారు. కర్మ జరగందే పంపకం తెగదు కనుక, చర్చికి వెళ్లేవాళ్లే చాటుగా చేసుకునేవారు. చివరికి అక్కడి కాథలిక్కులు దానికి క్రైస్తవ రూపం కూర్చుకున్నారు.

కాంగోలో ఇంకా ముందుకెళ్లారు. 1988లో రోమ్ ఆమోదించిన జైర్ (అప్పట్లో ఆ దేశం పేరు) పూజాక్రమంలో పునీతులతోపాటు పితరులనూ మొదట్లోనే పిలుస్తారు. అందరినీ కాదు, ధర్మంగా బతికినవారినే. మామూలుగా ఆరంభంలో వచ్చే పశ్చాత్తాప ప్రార్థన ఇక్కడ ప్రసంగం తర్వాత వస్తుంది. వాక్యం వింటేనే కదా తప్పు తెలిసేది! ఒకరికొకరు శాంతి చెప్పుకున్నాకే కానుకలు తెస్తారు. 2019 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఈ క్రమంలోనే పూజ చేశారు.

అలాగని ఆఫ్రికన్లు నడిపిన సంఘాలన్నీ పాత ఆచారాలను కలుపుకున్నాయనుకోకూడదు. 1921లో బెల్జియన్ కాంగోలో సైమన్ కింబాంగు అనే క్రైస్తవ బోధకుడు మహిమగల బొమ్మలను, తాయెత్తులను నాశనం చేయమన్నాడు. అయినా వలస ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. 1951లో అక్కడే చనిపోయాడు.

మన గజపతి, రాయగడ కొండల్లో సవరలదీ ఇదే చిక్కు. గువార్ అనే చావు కర్మలో పోయినవారికి రాయి నిలిపి దున్నను బలిస్తారు. కుడాన్ అనే పూజారి నోట పోయినవారు ఇంటివాళ్లతో మాట్లాడతారు. బాప్తిస్మం తీసుకున్న ఇళ్లలో ఆ మాటలు ఆగిపోతున్నాయి. వారికోసం గోడమీద రాసే ఇడితాల్ బొమ్మ కూడా పోతోంది. ఆ బొమ్మలే చీరలమీద అమ్ముడవుతుంటే మాకు బాధగా ఉంటుంది.

ఇటు వచ్చే మీ విలేకరులు ఎందరు మతం మారారో రాసుకుని వెళ్లిపోవద్దని మా మనవి. రాయి ఎవరు నిలుపుతున్నారు, దున్న ఖర్చు ఎవరు పెడుతున్నారు, అన్నదమ్ముల్లో ఒకరు చర్చిలోనూ ఒకరు పాత దారిలోనూ ఉంటే తండ్రి కర్మ ఎవరు చేస్తున్నారు అని కూడా అడగాలి.

– కొందరు పాఠకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా