పురుగు ఫోటో పెట్టేముందు...

సంపాదకులకు,

బియ్యం డబ్బాలో కనిపించిన పురుగేమిటి, గ్యాస్ బండ మీద ఆ అక్షరమెందుకు, తాతగారి పెట్టెలో దొరికిన నాణెం ఎక్కడిది వంటి సందేహాలను వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ముక్కూ ముఖం తెలియనివాళ్లను అడగడం మన గుంటూరు, విజయవాడల్లో మామూలైంది. ఇది మంచి అలవాటే. ఒకరు అడిగితే పదిమందికి తెలుస్తుంది. కానీ చాలా ప్రశ్నలకు సరైన జవాబు రావడం లేదు. తెలిసినవాళ్లు లేక కాదు, తేల్చి చెప్పడానికి కావలసిన వివరం ప్రశ్నలో లేక.

"బియ్యానికి పురుగు పట్టింది, ఏం చేయాలి?" అని అడగ్గానే వేపాకు వేయండి, ఎండుమిర్చి వేయండి, ఎండలో పోయండి అని వరసగా వచ్చిపడతాయి. ఏ పురుగని ఎవరూ అడగరు. ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి ముక్కుతో రెండు మూడు మిల్లీమీటర్లుంటే అది ముక్కు పురుగు. గింజకు చిల్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు ఆ గింజలోనే పెరుగుతుంది. అందుకే జల్లించి శుభ్రం చేసినా కొన్ని వారాలకు మళ్లీ కనిపిస్తుంది. ముక్కు లేకుండా, చదునుగా, ఎర్రగా ఉన్నది పిండి పురుగు. దానిది రవ్వలో, పిండిలో, నూకల్లో కాపురం. గింజ లోపల దాక్కోదు కాబట్టి జల్లెడకు చాలావరకు దొరుకుతుంది. గింజలు దారాలతో అల్లినట్టు ఉండలు కడితే అది రెక్కల పురుగు పని. ముక్కు పురుగైతే, కొద్దిపాటి బియ్యాన్ని గాలి చొరని సంచిలో కట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే గింజలోని పిల్లలు కూడా చస్తాయి. మండుటెండలో పోస్తే పెద్దవి పాకిపోతాయి గానీ, గింజలు బీటలిచ్చి వండేటప్పుడు విరుగుతాయి.

ఆ ముక్కు కనపడాలంటే ఫోటో బాగుండాలి. పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి, కిటికీ వెలుతురులో తీయాలి. ఫ్లాష్ వద్దు, మెరుపు తప్ప ఏమీ మిగలదు. ఫోన్ మరీ దగ్గరగా పెడితే మసకబారుతుంది. జానెడు దూరం నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమంటారు. అలా పంపితే ఫోటో ఎక్కడ తీశారన్న వివరం కూడా దానితోపాటే వెళ్తుందని మాత్రం చాలామందికి తెలియదు. ఇంట్లో తీసే ఫోటోలకు ముందే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపుకోవాలి.

నాణేల విషయంలో "ఎంతొస్తుంది?" అని అడగకండి. ఆ మాట చూడగానే మోసగాళ్లు వాలతారు. పాత నాణేలకు లక్షలిస్తామంటూ ముందు ఫీజు కట్టించుకునేవాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. "ఇదేమిటి?" అని అడగండి. రెండు వైపులా ఫోటో, బరువు, అయస్కాంతానికి అంటుకుంటుందా లేదా చెప్పండి. సంవత్సరం కింద గుర్తు దగ్గరగా చూపించండి. నక్షత్రముంటే హైదరాబాద్ టంకశాల, వజ్రం ఆకారముంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఫోటోకు ముందు చింతపండుతో తోమారంటే పాత పొర పోతుంది, కొనేవాడి దృష్టిలో దాని విలువా పోతుంది.

కొన్నిటికి ఎవరినీ అడగక్కర్లేదు. గ్యాస్ బండ పైకడ్డీ లోపలివైపు 'బి-28' అని ఉంటే, 2028లో ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం. ఏ, బి, సి, డి అంటే ఏడాదిలో మూడేసి నెలల నాలుగు భాగాలు. టైరు మీద '2319' అనుంటే 2019లో 23వ వారం తయారైంది.

పాము కరిచాక మాత్రం ఫోటో పెట్టి ఇది ఏ పామని అడగొద్దు. చికిత్సకు పేరు తెలియనవసరం లేదు, 108కి ఫోన్ చేయాలి. స్ట్రిప్ పోయిన మాత్రను రంగు చూసి గుర్తుపట్టమనీ ఎవరినీ అడగొద్దు.

జవాబు ఇచ్చేవాళ్లకూ ఒక విన్నపం. పేరొక్కటే చెప్పి వదిలేయకండి, దేన్నిబట్టి చెప్పారో రాయండి. "ముక్కుంది కాబట్టి" అన్న రెండు మాటలతో అడిగినవాళ్లు తామే సరిచూసుకోగలరు. అడిగినవాళ్లు కూడా, చెప్పింది చేశాక ఫలితం ఏమైందో అక్కడే రాయాలి. వీలైతే తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు పురుగును ఒక్కోలా రాస్తే, ఏడాది తర్వాత అదే సందేహం వచ్చినవాళ్లు వెతికినా దొరకదు.

మీ పత్రికలో ఆదివారం ఇలాంటి ప్రశ్నలకు కొద్దిగా చోటివ్వండి. పంట పురుగుల సంగతి లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోను, నాణేలు, శాసనాల సంగతి విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలోను కనుక్కోవచ్చు. కొలత, ఫోటో ఉన్న ప్రశ్నలనే తీసుకుని, జవాబు ఏ ఆనవాలును బట్టి చెప్పారో ఆ వాక్యాన్ని కూడా అచ్చువేయండి.

- ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు